సెనేటరు విలియం మెక్లే దినచర్య: ఒక కర్షకుని సాక్ష్యము

ఒక సభ చేసిన తీర్మానములు మనకు దొరకవచ్చును. ఆ తీర్మానమునకు ముందు ఎవరేమి పలికిరి, ఎవరు ఎందుకు మాట మార్చిరి, ఎవరు మిన్నకుండిరి అను సంగతులు దొరకుట అరుదు. శాసనములను పరిశీలించువారికి ఈ లోపము అనుభవమే. దాత పేరును, గ్రహీత పేరును, తిథియు, పొలిమేరలును శాసనమున నుండును. దానమునకు ముందు నడచిన సంప్రదింపు అందుండదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల తొలి సెనేటు విషయమునను మన స్థితి ఇట్లే యుండెడిది. 1789లో ఆరంభమైన ఆ సభ 1795 డిసెంబరు వరకు తన శాసననిర్మాణ కార్యమును తలుపులు మూసికొనియే నడపెను. దాని అధికార నివేదికయందు ప్రతిపాదనలును, సవరణలును, వోట్ల లెక్కయు కలవు, ప్రసంగములు లేవు. తొలి రెండేండ్లలో లోపల జరిగిన చర్చలను వరుసగా తెలుపు వృత్తాంతము ఒక్కటే మిగిలినది. అది పెన్సిల్వేనియానుండి వచ్చిన విలియం మెక్లే అను సెనేటరు తనకై వ్రాసికొన్న దినచర్య.

మెక్లే పేరు అమెరికా చరిత్ర గ్రంథములలో పలుమారు కనబడును గాని, అది తరచుగా అడుగుసూచికలలోనే కనబడును. వాషింగ్టను ముఖభావమునకో, ఆడమ్సు మాటతీరునకో సాక్ష్యము కావలసివచ్చినపుడు అతనిని పిలిచి, పని తీరగానే పంపివేయుట పరిపాటి. అతడు నిష్ఠురముగా వ్రాసెననియు, తనకు నచ్చనివారిని దూషించెననియు చరిత్రకారులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నిజమే. అయినను అట్టి సాక్షి మాటను ఎంతవరకు గ్రహింపవచ్చునను ప్రశ్న పరిశోధకులకందఱకును ముఖ్యమైనది. కావున మేమీ వ్యాసమున అతని జీవితమును సంగ్రహముగా జెప్పి, దినచర్యలోని కొన్ని ఘట్టములను పరిశీలించి, ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును మనవి చేయుచున్నాము.

మెక్లే 1737లో పెన్సిల్వేనియాలోని చెస్టరు మండలమున జన్మించెను. అతని కుటుంబము ఐర్లండు ఉత్తర భాగమునుండి వలసవచ్చిన స్కాట్ సంతతివారిది, మతమున ప్రెస్బిటేరియనులు. మతాచార్యుడొకడు నడపిన పాఠశాలలో లాటిను మొదలగు ప్రాచీన విద్యల నభ్యసించెను. ఇరువదియొకటవ యేట, 1758లో, ఫ్రెంచివారి వశమందున్న డుకేన్ కోటపైకి నడచిన సైన్యములో లెఫ్టినెంటుగా పనిచేసెను. తరువాత న్యాయశాస్త్రము చదివి 1760లో న్యాయవాదిగా నమోదయ్యెను. కాని అతని అసలు వృత్తి భూమిని కొలుచుట. పెన్సిల్వేనియాకు యజమానులైన పెన్ కుటుంబమువారి పక్షమున సస్క్విహన్నా నదీతీర భూములను సర్వే చేయుచు అతడు చాలకాలము అడవులలో తిరిగెను. 1769లో జాన్ హారిసు కుమార్తెయగు మేరీని వివాహమాడెను. 1772లో సన్‌బరీ పట్టణమును నిర్ణయించుటయందును, 1785లో మామగారి భూమిలో హారిస్‌బర్గు పట్టణమునకు వీధులు కొలిచి గుర్తించుటయందును అతని హస్తము కలదు. ఆ హారిస్‌బర్గే తరువాత పెన్సిల్వేనియాకు రాజధాని యయ్యెను.

స్వాతంత్ర్య యుద్ధమున మెక్లే సేనకు ఆహారపదార్థములు సమకూర్చు శాఖలో పనిచేసెను. 1778లో సరిహద్దు గ్రామములపై దాడులు జరిగినపుడు సస్క్విహన్నా లోయలోని ప్రజలు ఇండ్లువాకిళ్లు విడిచి తండోపతండములుగా దక్షిణమునకు పారిపోయిరి. మెక్లేయు ఆస్తి నంతయు సన్‌బరీలో విడిచి వచ్చినవారిలో ఒకడు. 1781 మొదలుకొని రాష్ట్ర శాసనసభలోను, పిమ్మట రాష్ట్ర కార్యనిర్వాహక మండలిలోను సభ్యుడుగా నుండెను. 1788 సెప్టెంబరులో పెన్సిల్వేనియా శాసనసభ క్రొత్త రాజ్యాంగము ననుసరించి ఇద్దఱు సెనేటర్ల నెన్నుకొనెను. ఒకడు ఫిలడెల్ఫియాలోని గొప్ప వర్తకుడైన రాబర్టు మారిసు, రెండవవాడు మెక్లే. వర్తకులకొకడు, కర్షకులకొకడు అను భావము ఆ యెన్నికలో పనిచేసెను. మెక్లే తన్ను తాను గ్రామసీమల ప్రతినిధిగా భావించుకొనుట దినచర్య పొడుగునను కనబడును. ఈ విషయమును గుర్తుంచుకొననిదే అతని రచన మనకు సరిగా అర్థము కాదు.

1789 ఏప్రిలులో న్యూయార్కు నగరమున సెనేటుకు కావలసిన సంఖ్య సమకూడెను. అప్పటికి రాజ్యాంగము నంగీకరించిన రాష్ట్రములు పదునొకండే గనుక సభ్యులు ఇరువదిమందికి మించలేదు. అంత చిన్న గదిలో కూర్చుండి మెక్లే విన్నదానిని సాయంకాలము బసకు పోయి వ్రాసికొనుచుండెను. మిగిలియున్న దినచర్య 1789 ఏప్రిలు 24వ తేదీతో ఆరంభమై 1791 మార్చి 3వ తేదీతో ముగియును. మోకాలి వాతనొప్పి, ఇంటిమీది బెంగ, వాతావరణము, విందులు, ఋణపత్రముల ధరలు, సభలోని వాదములు అన్నియు అందు కలసియుండును. అచ్చువేయు ఉద్దేశముతో వ్రాసిన గ్రంథమున నుండు క్రమము దీనిలో లేదు. ఆ క్రమము లేకపోవుటయే దీనికి మొదటి ప్రామాణ్య లక్షణమని మా యభిప్రాయము.

సభ ముందు వచ్చిన మొదటి వివాదములలో ఒకటి సంబోధనమును గూర్చినది. అధ్యక్షుని ఏమని పిలువవలెను? ప్రతినిధి సభవారు రాజ్యాంగములో నున్న పదమే చాలుననిరి. సెనేటులో పలువురకు అది చాలలేదు. సభాపతియైన ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్సు ఐరోపా రాజాస్థానములలో చాల యేండ్లు రాయబారిగా నుండి వచ్చినవాడు. కేవల 'అధ్యక్షుడు' అనినచో అగ్నిమాపక సంఘములకును, క్రికెట్టు ఆటగాండ్ర సంఘములకును అధ్యక్షులుందురే, విదేశీయులు దీనిని గౌరవింతురా అని అతడు వాదించినట్లు మెక్లే వ్రాసెను. సెనేటు సంఘమొకటి సంయుక్త రాష్ట్రముల యధ్యక్షుడును, వాని స్వేచ్ఛలకు రక్షకుడును అగు మహోన్నతులు అను నర్థమిచ్చు బిరుదమును సూచించెను. బిరుదగద్యములు చదువుటకు అలవాటుపడిన మనకు ఇది మిక్కిలి కుఱుచగా తోచవచ్చును. కాని రాజును త్రోసివేసి పదమూడేండ్లయిన దేశమున అది చిన్న విషయము కాదు. ప్రభుత్వము ఎవరికిని కులీన బిరుదము నీయరాదని రాజ్యాంగమే నిషేధించినదని మెక్లే దినదినమును లేచి వాదించెను. కడకు మే 14వ తేదీని సెనేటు తన మతము బిరుదమునకే అనుకూలమైనను, ప్రతినిధి సభతో సామరస్యము కొఱకు ప్రస్తుతమునకు సాదా సంబోధనమునే గ్రహించుచున్నామని తీర్మానించెను. ఆనాడు తాత్కాలికమని గ్రహించిన ఆ సంబోధనమే శాశ్వతమైనది.

దీనికి కొన్నిదినములకు ముందే మఱియొక ఘట్టము జరిగెను. వాషింగ్టను ఏప్రిలు 30వ తేదీని ప్రమాణస్వీకారము చేసి ప్రసంగించెను. మరునాడు సభ కార్యదర్శి చదివిన నివేదికలో ఆ ప్రసంగమునకు 'పరమ కరుణామయ' అను నర్థమిచ్చు విశేషణము చేర్చబడియుండెను. అది ఇంగ్లండు రాజు ప్రసంగమునకు అక్కడి పార్లమెంటువారు చేర్చు విశేషణమనియు, అట్టి మాటలు ప్రజలకు రోతగా నుండుననియు మెక్లే ఆక్షేపించెను. చర్చ జరిగి ఆ పదములు కొట్టివేయబడినవి. అధికార నివేదికను మాత్రమే చూచువారికి ఆ పదములు అందుండినట్లే తెలియదు. కొట్టివేతకు సాక్ష్యము కొట్టివేయించినవాని దినచర్యలోనే నిలిచినది.

1789 ఆగస్టు 22వ తేదీ ఘట్టము ఇంకను ముఖ్యమైనది. సంధులు చేయుటయందు అధ్యక్షుడు సెనేటు సలహాను, సమ్మతిని పొందవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. ఆ సలహా నెట్లు పొందవలెనో అప్పటికి ఎవరును నిర్ణయింపలేదు. దక్షిణమందలి ఇండియను జాతులతో చేయవలసిన సంధిని గూర్చి అడుగుటకు వాషింగ్టను తానే యుద్ధకార్యదర్శి హెన్రీ నాక్సును వెంటబెట్టుకొని సెనేటునకు వచ్చెను. ఆడమ్సు కాగితమును చదివెను. వీధిలో పోవు బండ్ల చప్పుడుచే ఏమియు వినబడక కిటికీలు మూయవలసివచ్చెను. అందలి ప్రశ్నలకు వెంటనే ఔననియో కాదనియో చెప్పవలసియుండెను. సభ నిశ్శబ్దమయ్యెను. అపుడు మెక్లే లేచి, విషయము క్రొత్తది గనుక సంబంధించిన సంధిపత్రములను చదివి వినిపింపవలెనని కోరెను. విషయమును ఒక ఉపసంఘమునకు అప్పగింపవలెనని మారిసు ప్రతిపాదింపగా మెక్లే దానిని సమర్థించెను. వాషింగ్టను కోపముతో లేచి, తాను వచ్చిన పనియే దీనిచే చెడిపోవుచున్నదనెనట. తుదకు విషయము సోమవారమునకు వాయిదాపడెను. ఆనాడు వాషింగ్టను శాంతముగా వచ్చి పని ముగించుకొని పోయెను. కాని అటుపిమ్మట అతడు అట్టి సలహాకై సెనేటుకు స్వయముగా రాలేదు. తరువాతి అధ్యక్షులును వ్రాతమూలముగనే వ్యవహరించిరి.

ఇచ్చట రెండు సాక్ష్యములను పోల్చి చూడవలెను. వాషింగ్టను వచ్చుటయు, ప్రశ్నలును, వాయిదాయు సెనేటు అధికార నివేదికలో కలవు. ఇంతవరకు రెండును ఏకీభవించుచున్నవి. మౌనము, బండ్ల చప్పుడు, కోపము మెక్లే దినచర్యలోనే కలవు. వాషింగ్టను కోపమును మెక్లే కొంత పెంచి చెప్పియుండవచ్చును. అయినను అధ్యక్షుడు మరల ఆ పద్ధతి నవలంబింపకుండుట ఆ దినమున ఇబ్బంది కలిగిన మాట నిజమనుటకు ఆధారము. ఇట్లు ఫలితము వృత్తాంతమును బలపఱచిన చోట మెక్లే మాట నమ్మదగినదని మేము భావించుచున్నాము.

ధనవ్యవహారముల విషయమున ఇంత నిస్సందేహముగా చెప్పజాలము. 1790 జనవరిలో ఆర్థిక కార్యదర్శి హామిల్టను ప్రభుత్వ ఋణములను గూర్చి తన నివేదిక నర్పించెను. యుద్ధకాలమున సైనికులకును, రైతులకును ఇచ్చిన ఋణపత్రములను వారిలో పలువురు అవసరమునకు కొద్ది ధరకే అమ్ముకొనియుండిరి. వానిని ఇపుడు కలిగియున్నవారికే ప్రభుత్వము బదులుచెప్పవలెనని ఆ పథకము. నివేదిక వెలువడకముందే సంగతి తెలిసినవారు పత్రములను కొనుటకు దూతలను పంపుచున్నారనియు, కాంగ్రెసు సభ్యుడొకడు రెండు చిన్న ఓడలను ధనముతో దక్షిణ రాష్ట్రములకు పంపెననియు మెక్లే విన్నట్లు వ్రాసెను. ఇది విన్నమాట. చూచినదానికిని విన్నదానికిని గల భేదమును పాఠకుడు ఇచ్చట మఱవరాదు. చార్లెసు బియర్డు మొదలగు చరిత్రకారులు ఇరువదవ శతాబ్దమున ఇట్టి భాగములను తమ ఆర్థిక సిద్ధాంతములకు విరివిగా వాడుకొనిరి. ఋణపత్రములపై వ్యాపారము జరిగిన మాటకు ఇతరాధారములు కలవు. ఎవరెవరు ఏ ఉద్దేశముతో వోటు చేసిరను మెక్లే ఊహలకు మాత్రము వానియంత బలము లేదు.

ఇతరుల స్వార్థమును వెదకిన మెక్లేకు స్వార్థము లేకపోలేదు. దేశ రాజధాని సస్క్విహన్నా తీరమున నుండవలెనని అతడు పోరాడెను. అతని భూములును, మామగారు స్థాపించిన పట్టణమును ఆ తీరముననే యున్నవి. 1789 సెప్టెంబరులో ప్రతినిధి సభ సస్క్విహన్నా కనుకూలముగా తీర్మానింపగా, సెనేటు దానిని ఫిలడెల్ఫియా సమీపమందలి జర్మన్‌టౌనునకు మార్చెను. అందు మారిసు ప్రోద్బలము మెండు. మొత్తము వ్యవహారము అపుడు ఆగిపోయెను. 1790 జూలైలో వచ్చిన చట్టము పదియేండ్లు ఫిలడెల్ఫియా, పిమ్మట పొటోమాక్ తీరము అని నిర్ణయించెను. ఈ విషయమున మారిసును గూర్చి మెక్లే వ్రాసిన పరుష వాక్యములను చదువునపుడు, వ్రాసినవాడును పందెములో ఓడినవాడని తలంచవలెను.

ఆడమ్సు విషయమునను అతడు న్యాయము చేయలేదు. బిరుదములందు ఆడమ్సునకు గల పట్టుదల వెనుక ఒక భయము కలదు. గౌరవము లేని ప్రభుత్వమును ధనికులు లక్ష్యపెట్టరనియు, శాంతిభద్రతలు నిలువవనియు అతడు నిజముగనే తలంచెను. మెక్లేకు అందు అహంకారము మాత్రమే కనబడెను. 1789 న్యాయస్థానముల చట్టమునకు వ్యతిరేకముగా వోటు చేసిన ఆర్గురు సెనేటర్లలో మెక్లే ఒకడు. ఆ చట్టమే అమెరికా కేంద్ర న్యాయవ్యవస్థకు పునాది యయ్యెను. అతని సందేహములన్నియు దూరదృష్టిచే పుట్టినవని చెప్పజాలము.

అయినను రూపమును చిత్రించుటలో మెక్లే కన్ను తప్పిపోవుట అరుదు. 1789 ఆగస్టు 27వ తేదీని వాషింగ్టను ఇంట జరిగిన విందును అతడు వర్ణించెను. చేపలు, మాంసములు, కోళ్లు, పిమ్మట తీపివంటకములు, చల్లని క్రీములు, పుచ్చకాయలు, పీచ్ పండ్లు వరుసగా వచ్చినవి. భోజనము ముగియువరకు పలికినవారే లేరు. పిదప వాషింగ్టను బల్లచుట్టును కూర్చున్నవారి పేర్లు ఒక్కొక్కటిగా పలికి వారి యారోగ్యమును కోరుచు పానము చేసెను. నడుమ ఫోర్కు చేతబట్టుకొని బల్ల అంచుపై కొట్టుచుండెను. 1790 మేలో జెఫర్సను ఒక సెనేటు సంఘము ముందునకు వచ్చినపుడు అతని దుస్తులు శరీరమునకు కుఱుచగా నుండుటయు, ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండుటయు, మాట అటునిటు పోవుటయు మెక్లే గమనించెను. చిత్రపటములలోని మహాపురుషులు ఇట్టి చోట్ల మనుష్యులుగా కనబడుదురు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వ నిర్మూలన సంఘమువారి అర్జీ వచ్చినపుడు దక్షిణ రాష్ట్రముల సెనేటర్లు ఇద్దఱు ఆ సంఘమును, దాని యధ్యక్షుడగు వృద్ధ ఫ్రాంక్లినును నిందించిన తీరును కూడ అతడే వ్రాసియుంచెను.

కర్షకుల ప్రతినిధిగా అతని మాట మిక్కిలి నిజమైనది మద్యపు సుంకము విషయమున. కొండల కావలనున్న పశ్చిమ పెన్సిల్వేనియా రైతులకు ధాన్యమును తూర్పు బజారులకు చేర్చుట కష్టము. అందుచేత వారు దానిని విస్కీగా దించి అమ్ముకొనుచుండిరి. అచ్చట ఆ సుంకము రైతు పంటపై సుంకమే. 1791 మార్చిలో చట్టమైన ఆ సుంకమును మెక్లే ఎదిరించి, దానిని బలవంతముగా వసూలుచేయుట కలహమునకు దారితీయునని భయపడెను. 1794లో ఆ ప్రాంతమున తిరుగుబాటు లేచెను. దానిని అణచుటకు వాషింగ్టను సేనలను నడపవలసివచ్చెను. సభలో భూమిని కొలిచినవాడు, కొండదారులు తెలిసినవాడు ఒకడుండుట వలన కలుగు ప్రయోజనము ఇట్టిది. ఆ తెలివిడిని సభ వినకపోవుట వేఱు విషయము.

తొలి సెనేటు సభ్యులను మూడు తరగతులుగా విభజించి చీట్లు వేయగా మెక్లేకు రెండేండ్ల పదవి వచ్చెను; మారిసునకు ఆరేండ్లు వచ్చినవి. 1791 మార్చి 3వ తేదీతో మెక్లే పదవి ముగిసెను. పెన్సిల్వేనియా శాసనసభవారు అతనిని మరల నెన్నుకొనలేదు. వారిలో ఏకాభిప్రాయము కుదురక ఆ స్థానము 1793 వరకు ఖాళీగా నుండెను. మెక్లే తన పొలమునకు మరలిపోయెను. హారిస్‌బర్గులో నదీతీరమున రాతియిల్లు కట్టుకొనెను. పిమ్మట పలుమారు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. 1796లో అధ్యక్షుని యెన్నికలో నిర్వాచకుడుగను, 1801 మొదలు 1803 వరకు మండల న్యాయమూర్తిగను పనిచేసెను. 1804 ఏప్రిలులో మరణించెను.

దినచర్యను అతని జీవితకాలమున లోకమెఱుగదు. 1880లో దానిలో కొంతభాగము అచ్చయ్యెను. 1890లో అదే వంశమునకు చెందిన ఎడ్గార్ మెక్లే మఱింత సమగ్రముగా ప్రకటించెను. 1927లో బియర్డు పీఠికతో మరల వెలువడెను. 1988లో తొలి కాంగ్రెసు పత్రముల సంపుటములలో భాగముగా పండితులు దానిని వ్రాతప్రతితో పోల్చి, అధికార నివేదికలతో సరిచూచి ప్రకటించిరి. ఇట్లు ఒక శతాబ్దమునకు పైగా ముద్రణలు మారినకొలది సాక్షి మాటయు స్పష్టమగుచు వచ్చెను. ప్రాతప్రతులను పరిష్కరించువారికి ఇందు ఒక పాఠము కలదు. అసంపూర్ణ ముద్రణపై ఆధారపడి సాక్షిని తీర్పు తీర్చుట తొందరపాటు.

మా నిర్ణయమును సంగ్రహముగా చెప్పెదము. మెక్లే వ్రాతలో మూడంతస్తులు కలవు. అతడు చూచినది మొదటిది, విన్నది రెండవది, ఊహించినది మూడవది. మొదటిదానిని అధికార నివేదికతో పోల్చి గ్రహింపవచ్చును. రెండవదానికి ఇతరాధారము వెదకవలెను. మూడవది ఇతరులకంటె మెక్లేను గూర్చియే ఎక్కువ తెలుపును. ఈ విభాగము చేసికొన్నపుడు అతని నిష్ఠురత్వము చరిత్రకు అడ్డురాదు. పైగా అది సహాయమే చేయును. సభలో సుఖముగా నున్నవారికి దానిని వ్రాసికొనవలసిన అవసరము తోచలేదు. మారిసు వంటివారు అచ్చట తమ యింట నున్నట్లుండిరి. మెక్లేకు ప్రతిదినమును పరాయియింట నున్నట్లుండెను. కావున ప్రతి మర్యాదయు, ప్రతి మాటయు అతని కంటబడెను.

చివరిదినమున సభామందిరమును విడుచుచు, ఇబ్బందిపడిన చోటును వదలి పోవువాని సంతోషముతో దానివైపు ఒకమారు చూచితినని అతడు వ్రాసెను. తనను మరల పంపనందుకు అతనికి మనసులో కొఱత లేకపోలేదు. కాని ఆ రెండేండ్లును అతడు వ్రాయకున్నచో, సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుని నేడు సాదాగా పిలుచుటకు వెనుక ఎంత పెనుగులాట జరిగినదో, 'పరమ కరుణామయ' అను మాట ఎవరి పట్టుదలచే నివేదికనుండి తొలగినదో మనము తెలిసికొనియుండెడివారము కాము. ఓడిన సభ్యుని దినచర్యను చదువుట గెలిచినవారి తీర్మానములను చదువుటతో సమానమైన అవసరమని మేము విన్నవించుచున్నాము.